రాకెట్ విషయంలో ‘ప్రయోగం’ అనవచ్చునా?

రాకెట్‌లో అమర్చే కొలత పరికరాలను పరీక్షించే పని మీద 2024 డిసెంబరు చివర నేను శ్రీహరికోట వెళ్ళాను. పని ముగిశాక, 30వ తేదీ రాత్రి 10 గంటలకు పీఎస్ఎల్‌వీ-సీ60 లేవడం కళ్ళారా చూశాను. ముందు వెలుగు వచ్చింది, కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనుకబడి మోత వచ్చింది. సంక్రాంతికి అమలాపురం దగ్గరి మా ఊరు వెళ్ళి ఈ సంగతి చెబుతుంటే, మా మేనత్తగారు “నలభై ఏళ్ళ నుంచీ వదుల్తూనే ఉన్నారు గదరా, ఇంకా ప్రయోగమేంటి? పని రాలేదా వాళ్ళకి?” అని అడిగారు.

ఫలితం తెలియక చేసి చూసేదే ప్రయోగమని బడి నేర్పింది కనుక ఆమె సందేహం సహజమే. (మా ఊళ్ళో ‘ప్రయోగం చేయించారు’ అంటే చేతబడి అని మరో అర్థం కూడా ఉంది.) అయితే రాకెట్‌కు వాడేది అస్త్ర ప్రయోగంలోని ప్రయోగమని నా అభిప్రాయం. దానికి ఎదురుమాట ఉపసంహారం. భారతంలో అశ్వత్థామకు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగించడం తెలుసు, ఉపసంహరించడం తెలియదు. ఘన ఇంధనం అంటుకున్న రాకెట్ స్థితీ అంతే. దారి తప్పితే, 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06ను చేసినట్లు, ఆకాశంలోనే పేల్చివేయగలరు తప్ప వెనక్కి రప్పించలేరు.

నా అభ్యంతరమల్లా పరీక్షను కూడా ప్రయోగమని రాయడం మీదనే. 2022 మే 13న గగన్‌యాన్ కోసం హెచ్ఎస్200 బూస్టర్‌ను (రాకెట్‌ను మొదట పైకి నెట్టే ఘన ఇంధన భాగాన్ని) కదలకుండా బిగించి, 203 టన్నుల ఇంధనాన్ని 135 సెకన్లపాటు మండించారు. అది నేల విడవకూడదు. కనుక అది పరీక్షే.

ఒక పాఠకుని ప్రశ్న: మీ మేనత్తగారు పలికిన ‘వదలడం’ ఉండగా సంస్కృతం దేనికండీ? మనవైపు తీర్థాల్లో (జాతరల్లో) తారాజువ్వలు వదులుతారు, ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్ళు వదులుతారు. రాకెట్‌ను వదిలితే తప్పేముంది?

నా సమాధానం: తప్పేమీ లేదండీ, మాటల్లో నేనూ అలాగే అంటాను. కాకపోతే కాలువకు వదిలిన నీటిని తలుపులు దించి ఆపవచ్చు. పైగా నామవాచకం కావలసినచోట ఆ మాట మొరాయిస్తుంది. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2ను 56 నిమిషాల ముందు ఆపారు కదా, దానికి ‘వదలడం వాయిదా’ అని శీర్షిక పెట్టి చూడండి.