పెళ్లయినా దగ్గర కాలేని జంట: కౌన్సెలింగ్‌లో ఇద్దరినీ కలిపి వినాలా, విడిగా వినాలా?

వేకువ:
నాకు బాగా తెలిసిన ఒక జంట వల్ల ఈ ప్రశ్న అడుగుతున్నాను. పెళ్లయి రెండేళ్లు దాటింది. భర్త దగ్గరకు రాగానే ఆమె శరీరం బిగుసుకుపోతుంది, నొప్పి భరించలేదు. దీన్ని వెజైనిస్మస్ అంటారు. ఆమె కావాలని చేసేది కాదు, కటి కండరాలు వాటంతటవే ముడుచుకుపోతాయి. దీని వెనక ఎప్పుడూ లైంగిక వేధింపే ఉండనక్కరలేదు. భయం కావచ్చు, పాత నొప్పి కావచ్చు, ఎవరూ ఏమీ చెప్పకపోవడం కావచ్చు. కానీ వేధింపు ఉంటే అది ఎలా బయటకు రావాలి? వాళ్లు వెళ్లిన కౌన్సెలర్ మొదటి రోజే భార్యాభర్తలతో పాటు అత్తగారినీ కూర్చోబెట్టి, "చిన్నప్పుడు నీకేమైనా జరిగిందా అమ్మా?" అని అడిగారు. ఏమీ లేదంది. అత్తగారి ముందు ఇంకేం చెబుతుంది? కారణమేమీ లేదని రాసుకుని, సర్దుకుపొమ్మని పంపేశారు.

ముందు ఎవరి మాట వారిది విడిగా వినకుండా జంటకు చికిత్స మొదలుపెట్టకూడదని నా వాదన.

రెండు కుర్చీలు:
నేను దంపతుల కౌన్సెలింగ్ చేస్తాను. అత్తగారిని లోపలికి రానివ్వడం ఘోరమైన తప్పు, అందులో మరో మాట లేదు. కానీ విడిగా వినడంలోని ప్రమాదం మీకు కనబడటం లేదు. భార్య నాకు ఒక రహస్యం చెబుతుంది, భర్తకు చెప్పవద్దంటుంది. మర్నాడు అతని ఎదుట నేను ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. అది అతనికి తెలిసిన రోజు ఇద్దరూ కలిసి తనను మోసం చేశామనుకుంటాడు, ఆ తర్వాత ఆ గదిలోకి అడుగుపెట్టడు. పైగా విడిగా పిలిస్తే ఆమె రోగి, అతను రోగి తాలూకు మనిషి అయిపోతారు. మొదటి రాత్రి నుంచి విఫలమవుతానన్న బెదురుతో కుంగిపోయిన మగవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను అడిగేవారే ఉండరు.

వేకువ:
మీరు చెప్పిన ఆ మగవాడు కూడా భార్య పక్కనుండగా తన బెదురు బయటపెట్టడు. అందుకే ఇద్దరినీ విడిగా వినమంటున్నాను, ఆమెను ఒక్కదాన్నే కాదు.

ఆధునిక సెక్స్ థెరపీకి పునాది వేసిన మాస్టర్స్, జాన్సన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చేసినది గుర్తుచేసుకోండి. సమస్య ఒకరిది కాదు, జంటది అన్నదే వారి సిద్ధాంతం. అయినా ముందు ఆమెను మహిళా థెరపిస్టు, అతన్ని పురుష థెరపిస్టు విడిగా వినేవారు. మరునాడు థెరపిస్టులు మారి, ఆమెను పురుషుడు, అతన్ని మహిళ వినేవారు. మూడో రోజున నలుగురూ ఒకచోట కూర్చుని సమస్య గురించి మాట్లాడుకునేవారు. చికిత్స మొదట్లో సంభోగాన్నే నిషేధించి, ఏమీ ఆశించని స్పర్శతో మొదలుపెట్టేవారు. గాయపడిన మనిషికి ఆ నిషేధమే పెద్ద ఊరట. "ఈ రోజు ఏమీ జరగదు" అని తెలిస్తేనే శరీరం కొంచెం వదులవుతుంది.

రహస్యాల సంగతికి దారి ఉంది. ఏది కౌన్సెలర్ దగ్గరే ఉంటుందో, ఏది కలిసి మాట్లాడాలో మొదటి రోజే ఇద్దరితో ఒప్పందం చేసుకోవాలి. గతాన్ని చెప్పి తీరాలని ఎవరినీ నిర్బంధించకూడదు. వివరాలన్నీ తవ్వకుండానే నయం చేయవచ్చు.

పెదనాన్న:
ఆలుమగల మధ్య పెద్దలు కూర్చుని చక్కబెట్టిన కాపురాలు నేనెన్నో చూశాను. తలుపులు మూసుకుని బయటివాళ్లకు చెప్పుకుంటే ఇల్లు నిలబడుతుందా?

వేకువ:
పెదనాన్న గారూ, డబ్బు తగాదాలకు, వేరు కాపురం గొడవలకు పెద్దలు కావాలి. ఒంటి నొప్పికి వద్దు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, కాపురానికి వెళ్లమని ఆదేశించే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ చెల్లదన్నారు. ఇష్టం లేని శరీర సంబంధంలోకి మనిషిని నెట్టే అధికారం రాజ్యానికి లేదన్నది ఆ తీర్పు సారం. 1984లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది, ఆ సెక్షన్ ఇప్పటికీ ఉంది. కోర్టు చేయకూడదని ఆయన అన్న పనిని బంధువులు మాత్రం ఎందుకు చేయాలి?

నది అవతల:
నాకు మగవాళ్లంటేనే ఇష్టం. అది దాచి పెళ్లి చేశారు. కౌన్సెలర్ మమ్మల్ని కలిపి కూర్చోబెట్టి, పిల్లలు పుడితే అన్నీ సర్దుకుంటాయన్నారు. విడిగా ఒక్క గంట దొరికి ఉంటే నోరు విప్పేవాణ్ణి.

అయితే వేకువ గారూ, మీరు మెచ్చుకున్న ఆ మాస్టర్స్, జాన్సన్‌లే స్వలింగ ఆకర్షణను మార్చగలమని 1979లో ప్రకటించారు. అలాంటి మార్పిడి చికిత్స చేసే వైద్యుడిది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. దానికి ముందు 2021లో మద్రాసు హైకోర్టు తీర్పు రావలసి వచ్చింది. అందుచేత విడిగా వింటే చాలదు. వినే మనిషి కాపురం నిలబెట్టడమే తన పని అనుకుంటే, ఆ మూసిన గదిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అడ్డుకునే సాక్షి కూడా ఉండడు. ఇంకొకటి. నా నిజం తెలుసుకునే హక్కు నా భార్యకు ఉంది. దాన్ని చిరకాలం దాచిపెట్టే కౌన్సెలర్ కూడా ఆమెకు అన్యాయం చేసినట్టే.

రెండు కుర్చీలు:
ఈ చివరి మాట దగ్గరే నా భయమంతా ఉంది. విడిగా వినే సెషన్లకు ఒప్పుకుంటాను, ముందుగా రాసుకున్న ఒప్పందం ఉంటేనే. కానీ రహస్యాలన్నీ ఒకేలాంటివి కావు. చిన్ననాటి గాయం ఆమె సొంతం, చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. అవతలి మనిషి జీవితాన్నే మార్చేసే నిజాన్ని మాత్రం, చెప్పడానికి కొంత వ్యవధి ఇచ్చి, ఆలోగా చెప్పకపోతే జంట సెషన్లు ఆపేస్తానని ముందే చెబుతాను.

వేకువ:
ఆపేయండి, ఒప్పుకుంటాను. కారణం మాత్రం మీ నోటితో చెప్పకండి. హింస జరిగే ఇంట్లో అలా బయటపడిన నిజం ఆమె ప్రాణం మీదకు తెస్తుంది. వ్యవధి ఎంతో తేల్చేముందు, ఇంట్లో భయం ఉందా అని ఆమెను ఒంటరిగా అడగాలి.