వీణ ప్యాచ్‌లో తోడి గాంధారం పలకట్లేదు, పిచ్ బెండ్ తెలిసినవాళ్ళు చెప్పండి

హార్మోనియం సుబ్బు:
నమస్కారం. భజనల్లో హార్మోనియం వాయించే చెయ్యి నాది. ఆరు నెలల కిందట 49 కీల మిడి కంట్రోలర్, అంటే కంప్యూటర్లోని వాద్యాలను పలికించే కీబోర్డు, కొన్నాను. వీణ ప్యాచ్‌లో (వీణ నాదం ఇచ్చే సెట్టింగు) మోహన, హంసధ్వని ఓ మోస్తరుగా వస్తున్నాయి. తోడి ఎత్తుకుంటే మాత్రం పరువు పోతోంది. గాంధారం నొక్కి పిచ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందకీ జరిపే చక్రం) కదిపితే అంబులెన్స్ సైరన్ మోగినట్టుంది. వీల్ స్వరాన్ని ఎంత దూరం జరపగలదో చెప్పే బెండ్ రేంజ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని ఎవరో అంటే 12 పెట్టాను. పైగా ఎడమచేత్తో పట్టుకున్న స, ప కూడా గాంధారంతో పాటే ఊగిపోతున్నాయి. నిన్న మా ఆవిడ వంటింట్లోంచి "ఆ పిల్లిని వదిలెయ్యండి" అంది.

పాత స్టూడియో మనిషి:
సుబ్బు గారూ, తంటా అంతా ఆ 12తోనే. వీల్ పంపేది ఒట్టి అంకె: 0 నుంచి 16383 దాకా, మధ్యలో వదిలేస్తే 8192. దానికి ఎన్ని సెమిటోన్లు (పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమిటోన్) జరగాలో తేల్చేది ప్యాచ్. రేంజ్ 2 పెట్టండి. సి శ్రుతిలో గాంధారం ఇ-ఫ్లాట్ కదా. అది నొక్కి వీల్ చివరిదాకా తోస్తే ఎఫ్, శుద్ధ మధ్యమం. చివరిదాకా లాగితే డి-ఫ్లాట్, శుద్ధ రిషభం. మీ గాంధారం ఊగాల్సింది ఆ రెంటి మధ్యనే! 12 పెడితే ఈ ఊపంతా వీల్ తిరిగే దూరంలో ఆరో వంతులో ఇరుక్కుంటుంది, ఏ చెయ్యీ ఆపలేదు.

బెండ్ ఒక్క నోటుకి కాదు, చానల్ (మిడి సందేశాలు వెళ్ళే దారి) మొత్తానికి తగులుతుంది. స, ప వేరే చానల్లో పెట్టుకోండి. 16 ఉన్నాయి.

మెట్ల వీణ:
నేను వీణ నేర్పుతాను, కంప్యూటర్ మా అబ్బాయిది. మేం ఒక్క మీటుకి నాలుగైదు స్వరాలు లాగుతాం. మీకు ప్రతి కీకీ కొత్త మీటు పడుతోంది, అందుకే ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఊపు ప్రతిసారీ ఒకే కొలతలో ఉన్నా సైరనే బాబూ. పైన కాస్త నిలిచి చప్పున దిగాలి.

పాత స్టూడియో మనిషి:
అమ్మా, సరిగ్గా చెప్పారు. సుబ్బు గారూ, ప్యాచ్‌లో మోనో (ఒకసారికి ఒకే స్వరం), లెగాటో (స్వరాలను కలిపి పలికించడం) రెండూ ఆన్ చేయండి, కొత్త మీటు పడదు. మౌస్‌తో బెండ్ గీత దిద్దేటప్పుడు స్నాప్ (గీతను గడులకు అతికించే సెట్టింగు) తీసేయండి. తీగ నాదం తగ్గే కొద్దీ ఎక్స్‌ప్రెషన్, అంటే 11వ కంట్రోలర్, కొంచెం కొంచెం దించండి. 7వది వాల్యూమ్, దాన్ని మిక్సింగ్‌కి ఉంచుకోండి.

ప్రతి పల్లవి మొదట్లో బెండ్‌ని మధ్యకి తెచ్చే ఈవెంట్ ఒకటి వేయడం మరవకండి. ఒకసారి నేను గమకం మధ్యలో పాట ఆపి, మళ్ళీ మొదట్నుంచి ప్లే చేశాను. బెండ్ పైనే ఉండిపోయింది. శ్రుతి తప్పుతున్నారంటూ పాపం ఆ గాయకుణ్ణి అరగంట సతాయించాను.

హార్మోనియం సుబ్బు:
2 పెట్టాను, లెగాటో వేశాను. మధ్యమం దాకా వెళ్ళి నిలవడం వచ్చింది. దిగడమే ఇంకా తొందరపడుతోంది. ప్యాచ్ మార్చి వెనక్కొస్తే రేంజ్ మళ్ళీ 12 అవుతోంది, ఇది ఎక్కడ సేవ్ చేయాలి?

పాత స్టూడియో మనిషి:
ప్యాచ్‌నే కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. నాది "తోడి 2".