కారు దిగాక పది అడుగులు వంగే నడుస్తున్నాను, ఈ సీటుని ఏం చేయాలి?

చిన్నఅడుగులు:

అందరికీ నమస్కారం. రోజూ ఆఫీసుకి పోను 38 కిలోమీటర్లు, రాను 38. రోడ్డు ఖాళీగా ఉంటే గంట, లేదంటే గంటన్నర. చిన్న హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేరు, తొమ్మిదేళ్ల బండి. నా చేతికొచ్చి రెండేళ్లయింది. నాకంటే ముందు ఎవరో బాగా బరువైన మనిషి నడిపి ఉండాలి, సీటు చూస్తేనే తెలిసిపోతుంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం.

బయల్దేరిన ఇరవై నిమిషాలకి నడుం దగ్గర, సరిగ్గా బెల్టు కట్టే చోట, కుడి పక్కన ఒక పోటు మొదలవుతుంది. ఆఫీసు చేరేసరికి తుంటి దాకా పాకుతుంది. దిగాక పది అడుగుల దాకా నిటారుగా నిలబడలేను. మొన్న గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఏమైనా పడిపోయిందా మేడమ్, నేనూ వెతకనా?" అన్నాడు. నవ్వేసి వచ్చేశాను గానీ లిఫ్టులో కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పటిదాకా మూడు దిండ్లు కొన్నాను. మొదటిది వీపు వెనక పెట్టే మెమరీ ఫోమ్‌ది, నాలుగు అంగుళాల మందం. అది పెడితే స్టీరింగ్ వచ్చి గుండెకి ఆనుకుంటుందేమో అన్నట్టు ఉంటుంది. రెండోది జెల్ ప్యాడ్. మలుపు తిరిగినప్పుడల్లా నేనూ అదీ కలిసి జారతాం. మూడోది మధ్యలో కోత ఉన్నది, తోక ఎముక కోసమట. నా నొప్పి అక్కడ కాదని కొన్నాక గుర్తొచ్చింది. ప్రస్తుతం మూడూ వెనక సీట్లో హాయిగా ప్రయాణం చేస్తున్నాయి.

ఆఫీసు కుర్చీలో ఎనిమిది గంటలు కూర్చుంటాను, ఏమీ కాదు. డాక్టరు ఎక్స్‌రే తీయించి "ఎముకలకేం లేదు, కండరం పట్టేస్తోంది, కూర్చునే తీరు మార్చుకోండి" అన్నారు. ఎలా మార్చుకోవాలో అడిగేలోపు తర్వాతి పేషెంటు లోపలికొచ్చేశాడు. కారు మార్చే ఆలోచన లేదు. ఈ సీటుతోనే ఏదో ఒకటి తేల్చుకోవాలి.

నైట్‌డ్యూటీ:

మేడమ్, 19 ఏళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నా. ముందు ఆ దిండ్లన్నీ తీసేసి ఖాళీ సీటుతో మొదలుపెట్టండి. సీటు మూలకి పూర్తిగా ఆనేలా వెనక్కి జరిగి కూర్చోండి. క్లచ్ చివరిదాకా తొక్కండి, అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు బారచాపాల్సి వస్తే సీటు ముందుకి జరపాలి. తర్వాత వీపు ఆనించే ఉంచి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగం మీద పడాలి. వేళ్లే అందుతుంటే సీటు వాలు ఎక్కువైనట్టు. చాలామంది పడుకున్నట్టు వాల్చుకుని, మళ్లీ స్టీరింగ్ కోసం మెడా భుజాలూ ముందుకి లాగుతారు. నేనూ ఐదేళ్లు అలాగే నడిపా.

ఇంకో చిట్కా. పొద్దున ఎక్కగానే సరిగ్గా కూర్చుని లోపలి అద్దం సెట్ చేసుకోండి. దారి మధ్యలో అందులో వెనక అద్దం సగమే కనిపిస్తుంటే దాన్ని ముట్టుకోకండి, మీరే జారిపోయారని లెక్క. మళ్లీ వెనక్కి జరిగి కూర్చోండి.

టైర్లలో గాలి కూడా చూడండి. డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కర్ ఉంటుంది. దానికంటే ఎక్కువ కొట్టిస్తే ప్రతి గతుకూ నేరుగా నడుముకే. మగవాళ్లయితే వెనక జేబులో పర్సు తీయమంటాను, మీకు ఆ గొడవ ఉండదనుకుంటా.

కీళ్లూకండరాలూ:

ఫిజియోథెరపిస్టుని. మనిషిని చూడకుండా వైద్యం చెప్పను గానీ, ఆఫీసు కుర్చీలో లేని నొప్పి కార్లో ఎందుకు వస్తుందో చెప్పగలను. కుర్చీలో పాదాలు నేల మీద ఉంటాయి, మీకు తెలియకుండానే మాటిమాటికీ కదులుతారు. కార్లో కాళ్లు ముందుకి చాచి పెడల్స్ మీద ఉంటాయి. తొడ వెనక కండరాలు బిగుసుకుని కటిని, అంటే తుంటి ఎముకల గూడుని, వెనక్కి తిప్పుతాయి. దాంతో నడుంలో సహజంగా ఉండే లోపలి వంపు పోయి, నడుం విల్లులా వెనక్కి వంగుతుంది. పైగా బండి అదురు. సెకనుకి 4 నుంచి 6 సార్లు ఊగే అదురుకి కూర్చున్న మనిషి వెన్ను అన్నిటికంటే ఎక్కువగా ఊగుతుంది. గతుకుల రోడ్డు మీద సీటులోంచి వచ్చేదాంట్లో ఆ రకం కూడా ఉంటుంది.

90 డిగ్రీల్లో నిటారుగా కూర్చోవాలనే మాట నమ్మకండి. 1970లలో స్వీడన్‌లో ఆండర్సన్, నాకెమ్సన్ అనే పరిశోధకులు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది పంపి మరీ ఒత్తిడి కొలిచారు. వీపు వెనక్కి వాలిన కొద్దీ, నడుముకి ఆసరా పెరిగిన కొద్దీ ఒత్తిడి తగ్గింది. నడపడానికి 100 నుంచి 110 డిగ్రీల వాలు చాలు.

ఆసరా అంటే నాలుగు అంగుళాల దిండు అక్కర్లేదు. టవల్ చుట్టి, మీరు ఆనుకున్నాక మూడు సెంటీమీటర్ల మందం మిగిలేలా చూసుకోండి. అది బెల్టు ఎత్తులో ఉండాలి. పక్కటెముకల దగ్గరికి పోతే ఉన్న నొప్పికి కొత్తది తోడవుతుంది. దిగగానే డిక్కీలోంచి బరువులు ఎత్తకండి, రెండు నిమిషాలు నడిచాక ఎత్తండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. కాలు మొద్దుబారి పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు పోయినా ఈ టవళ్ల సంగతి పక్కన పెట్టి ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

దారం_సూది:

అమ్మా, కారు సీట్లు కుట్టడం నా పని, 27 ఏళ్ల నుంచి. అందరూ మీ నడుం గురించే మాట్లాడుతున్నారు, సీటుని అడిగినవాళ్లు లేరు. మీరు రాసినదాంట్లో రెండు ముక్కలు నాకు చాలు. బరువైన మనిషి నడిపారన్నారు, నొప్పి కుడి పక్కనే అన్నారు.

డ్రైవరు సీటు రెండు పక్కలా ఒకేలా అరగదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి బరువంతా తలుపు వైపు పడి జారుతుంది. ఏళ్ల తరబడి అలా నలిగి ఆ పక్క ఫోమ్ చచ్చిపోతుంది. మీ కటి కుడివైపు ఒక సెంటీమీటరు దిగిందనుకోండి, తల నిటారుగా నిలపడానికి నడుం గంటసేపు పక్కకి వంగి మోయాలి. దాని మీద ఎంత మంచి దిండు వేసినా అదీ పక్కకే ఒరుగుతుంది. గుంట మీద చాప పరిస్తే గుంట పూడుతుందా?

రేపు పొద్దున బండి చదునైన చోట ఆపి, మీరు కూర్చునే చోట ఒక చిన్న చెక్క పలక అడ్డంగా పెట్టండి. దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ చూసే యాప్ తెరవండి. అదే పలకని పక్క సీట్లోనూ పెట్టి చూడండి. దాంట్లో కూర్చునేవాళ్లు తక్కువ కాబట్టి మీ సీటు కొత్తలో ఎలా ఉండేదో అదే చెబుతుంది. తర్వాత పిడికిలితో రెండు పక్కలా నొక్కండి. బతికున్న ఫోమ్ చేతిని వెనక్కి తోస్తుంది. చచ్చినదైతే కింద ఇనుము తగులుతుంది.

అది అయ్యాక కింద టార్చి వేసి చూడండి. ఫోమ్ కింద తీగల వల గానీ పాము మెలికల్లాంటి స్ప్రింగులు గానీ కొక్కేలతో ఫ్రేముకి తగిలించి ఉంటాయి. కొన్ని బళ్లలో తీగలుండవు, రేకు ఉంటుంది. కొక్కెం ఏదైనా ఊడిందా, ప్లాస్టిక్ క్లిప్ విరిగిందా చూడండి. మ్యాట్ మీద పసుపుపచ్చ పొడి రాలి ఉంటే దుమ్మనుకోకండి, మీ ఫోమే తీగకి రాసుకుని రాసుకుని అలా పిండి అవుతుంది. పసుపు రంగు ప్లగ్గులున్న వైర్ల జోలికి మాత్రం పోకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

ఇక మీ ఎత్తు సంగతి. పూర్తిగా వెనక్కి కూర్చున్నప్పుడు సీటు ముందు అంచుకీ మోకాలి మడతకీ మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే మీ తొడకంటే సీటు పొడవన్నమాట. అప్పుడు ఒళ్లు తనంతట తనే ముందుకి జారుతుంది, నడుం గాల్లో వేలాడుతుంది. దీనికి వీపు వైపు, పైనుంచి కింద దాకా, రెండు సెంటీమీటర్ల గట్టి ఫోమ్ పలక పెట్టి, సీటుని ఒక క్లిక్ వెనక్కి జరపండి. కాళ్లకి పెడల్స్, చేతికి స్టీరింగ్ ఎక్కడివక్కడే ఉంటాయి. పెద్ద దిండుతో మీకొచ్చిన తంటా అదే, అంత మందానికి సీటు ఎన్ని క్లిక్కులు జరపాలి! రొమ్ము ఎముక నుంచి స్టీరింగ్ మధ్యకి 25 సెంటీమీటర్లకి తగ్గకూడదు. తల హెడ్‌రెస్ట్‌కి దూరమైనా కష్టమే, వెనకనుంచి ఎవరైనా గుద్దితే దెబ్బ మెడకి. అందుకే వీపు వెనక లావుపాటివి ఏవీ వద్దంటాను.

ఫోమ్ కొనేటప్పుడు "దూదిలా ఉంటుంది" అంటే అక్కడే లేచి వచ్చేయండి. అలాంటిది మొదటి వారం బాగుంటుంది, రెండో నెలకి అట్టముక్క అవుతుంది. డెన్సిటీ (ఎంత చోటులో ఎంత బరువుందో) వేరు, గట్టిదనం వేరు, మా వాళ్లలోనే చాలామందికి తేడా తెలియదు. ఘనమీటరుకి 40 కిలోలు, ఆ పైన ఉన్న హెచ్‌ఆర్ ఫోమ్ (హై రెసిలియెన్స్, నొక్కి వదిలితే వెంటనే పైకి లేచేది) అడగండి. మొత్తం మార్చక్కర్లేదు. కవరు విప్పి, చచ్చిన చోట కోసి, ముక్క అతికి, దాని అంచులు పల్చబడేలా చెక్కాలి. చెక్కకుండా వదిలేస్తే గుంట పోయి గడ్డ వస్తుంది. మెమరీ ఫోమ్ చలికి బిగుసుకుంటుంది, ఎండకి మెత్తబడిపోతుంది, కారుకి నాకు నచ్చదు.

పాతబండి:

ఇంత కథ దేనికండీ? నేను సీటు వెనక బోల్టుల కింద మూడేసి వాషర్లు వేసి ఎత్తు లేపా. అరగంట పని. నడుం నొప్పి పోయింది.

దారం_సూది:

తమ్ముడూ, నొప్పి పోయింది సరే. గుద్దుకున్నప్పుడు నిన్నూ సీటునీ నేలకి పట్టి ఉంచేవి ఆ బోల్టులే. వాషర్లు వేస్తే మర లోపలికి దిగేది తగ్గుతుంది. ఈరోజే తీసెయ్. తుంటికంటే మోకాళ్లు పైకి ఉంటే నడుం వంగే మాట నిజమే, దానికి వెనక మందంగా, ముందు పల్చగా ఉండే ఏటవాలు ప్యాడ్ వేసుకో. గట్టిదే తీసుకో. మెత్తటిదైతే బ్రేకు కొట్టినప్పుడు నువ్వు అందులోకి దిగబడతావు, సీటు బెల్టు తుంటి ఎముకల మీంచి పొట్ట మీదికి ఎక్కుతుంది.

చిన్నఅడుగులు:

పలక పెట్టి చూశాను. పక్క సీట్లో ఫోన్ 0 చూపించింది. నా సీట్లో కుడికి 4 డిగ్రీలు! పలక పొడవు 30 సెంటీమీటర్లు, అంటే కుడి కొస రెండు సెంటీమీటర్లు కిందికి ఉన్నట్టు. మోకాలి మడత దగ్గర ఒక్క వేలే పట్టింది. వెనక వైపు ఒక కొక్కెం ఊడి వేలాడుతోంది. పసుపుపచ్చ పొడి కూడా ఉంది. రెండేళ్లుగా వాక్యూమ్ పెట్టిన ప్రతిసారీ ఇదెక్కణ్ణుంచి వస్తోందా అనుకునేదాన్ని. నా సీటునే కొంచెం కొంచెంగా ఊడ్చి పారబోశానన్నమాట. బాగు చేయించడానికి వచ్చే వారం దాకా కుదరదు, ఈలోపు ఏం చేయను?

దారం_సూది:

పల్చటి టవల్ మడిచి కుడి గుంటలోనే పెట్టండి, మధ్యగీత దాటి ఎడమకి రాకూడదు. ఫోన్ 0 చూపించేదాకా మడతలు పెంచి, ఇంకో మడత ఎక్కువ వేయండి, కూర్చుంటే అణుగుతుంది కదా. ఆ కొక్కేన్ని మీరు లాగకండి, స్ప్రింగు చేతిని కోస్తుంది. కవరు విప్పినప్పుడు వాళ్లే తగిలిస్తారు.

చిన్నఅడుగులు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. కవరు విప్పుతుంటే పక్కనే నిలబడ్డాను. ఫోమ్ అడుగున, కుడి వెనక మూల, అరచేయంత మేర తీగలు దిగబడి గాట్లు పడ్డాయి. గోటితో గీకితే ఎండిన రొట్టెలా రాలింది. అది కోసేసి కొత్త ముక్క అతికారు. అంచులు చెక్కమని నేనే అడిగితే "మీకెవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోయారు.

మొదటి నాలుగు రోజులు విచిత్రంగా ఎడమ పక్క నొప్పి పుట్టింది, భయపడ్డాను. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు యాభై నిమిషాల దాకా ఏమీ తెలియదు, ఆ తర్వాత సన్నగా లాగుతుంది. గంట దాటేలా ఉంటే ఆపి, దిగి, కారు చుట్టూ రెండుసార్లు తిరుగుతాను. దిగేటప్పుడు రెండు కాళ్లూ కలిపి బయటికి తిప్పి లేస్తున్నాను, అది కూడా కలిసొచ్చింది. నడుం దగ్గర టవల్ జారకుండా దాని కొస హెడ్‌రెస్ట్ కడ్డీకి కట్టాను. ఆదివారం మావారు నడిపి సీటంతా మార్చేస్తారు. అందుకని సీటు జరిగే పట్టా మీద నా క్లిక్ దగ్గర ఒక నెయిల్ పాలిష్ చుక్క, వాలు తిప్పే చక్రం మీద ఇంకో చుక్క పెట్టాను.

నైట్‌డ్యూటీ గారూ, మీ అద్దం చిట్కాలో ఒక చిక్కొచ్చింది. పొద్దున సరిగ్గా ఉన్న అద్దం సాయంత్రానికి కొంచెం పైకి చూపిస్తోంది. నేను జారలేదు, ఒట్టు.

కీళ్లూకండరాలూ:

ఒట్టక్కర్లేదండీ. పగలంతా బరువు మోసి డిస్కుల్లో నీరు తగ్గుతుంది, సాయంత్రానికి మనిషి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా పొట్టి అవుతాడు. రాత్రి పడుకుంటే మళ్లీ వస్తుంది. సాయంత్రం ఎక్కినప్పుడు ఇంకోసారి అద్దం సెట్ చేసుకోండి.

దారం_సూది:

సంతోషం అమ్మా. కొత్త ముక్క మొదట్లో కొద్దిగా అణుగుతుంది, కంగారు పడకండి. నెల తర్వాత మళ్లీ పలక పెట్టి చూడండి. ఒక డిగ్రీ లోపు తేడా ఉంటే వదిలేయండి, దాటితే అతికినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి. ఆ జెల్ ప్యాడ్ పారేయకండి, వెనక రెగ్జిన్ ముక్క కుట్టిస్తే ఆఫీసు కుర్చీకి పనికొస్తుంది.