తుపాకి తనది కాదు, ముట్టుకోనూ లేదు. అయినా ఫెడరల్ కేసు పెడతారా?

ప్రశ్న:
మేం అమెరికాలో ఉంటాం. మా పెద్దమ్మ కొడుకు మీద ఆరేళ్ల కిందట చెక్కుల మోసం కేసు పడింది. ఫెలనీ (పెద్ద నేరం) అన్నారు కానీ జైల్లో పెట్టలేదు, ప్రొబేషన్‌తో (షరతులతో బయట ఉండనిచ్చి) వదిలేశారు. పోయిన వారం రూమ్మేట్ కారు అన్నయ్య నడుపుతుంటే పోలీసులు ఆపారు, గ్లవ్ బాక్స్‌లో తువ్వాలులో చుట్టిన తుపాకి దొరికింది. అది రూమ్మేట్ కొనుక్కున్నది, రసీదు కూడా ఉంది. ఫెలనీ పడ్డవాళ్ల దగ్గర తుపాకి ఉండకూడదనే ఫెడరల్ (కేంద్ర) చట్టం ఉందంటున్నారు, ఒక్కరోజు కూడా జైలుకెళ్లని మనిషికి అది ఎలా వర్తిస్తుంది? పెద్దమ్మ తిండి మానేసి కూర్చుంది.

జవాబు 1:
ఎన్నాళ్లు జైల్లో ఉన్నాడన్నది లెక్కలోకి రాదండి. ఆ నేరానికి ఏడాదికి మించి శిక్ష వేసే వీలుంటే చాలు, 1968 నాటి తుపాకుల చట్టం కింద నిషేధం పడుతుంది. తుపాకి ఎవరిదన్నదీ కాదు, ఎవరి అధీనంలో ఉందన్నదే ప్రశ్న. అది అక్కడుందని ఆయనకు తెలుసనీ, దాన్ని తన అధీనంలో ఉంచుకునే ఉద్దేశం ఉందనీ ప్రభుత్వం రుజువు చేయాలి. పక్కన ఉన్నంత మాత్రాన సరిపోదు. అందుకే వేలిముద్రలు, డీఎన్‌ఏ, ఫోన్ మెసేజ్‌లు అన్నీ లాగుతారు. తూటా ఒక్కటి దొరికినా ఇదే కేసు. గరిష్ఠ శిక్ష 2022లో పదేళ్ల నుంచి పదిహేనేళ్లకు పెంచారు, తేలిగ్గా తీసుకోవద్దు.

జవాబు 2:
నాకు తెలిసినవాళ్ల ఇంట్లో ఇలాగే జరిగింది. అబ్బాయి జైలు ఫోన్‌లో వాళ్లమ్మతో "అది సీటు కింద ఉందని నాకు తెలుసమ్మా, కానీ నాది కాదు" అన్నాడు పాపం, తనని తాను కాపాడుకుంటున్నాననుకుని. ఆ కాల్ రికార్డయింది, అందులో మొదటి సగమే సాక్ష్యమై కూర్చుంది. దయచేసి ఫోన్‌లో కేసు గురించి ఒక్క ముక్క మాట్లాడనివ్వకండి. పెద్దమ్మగారికి ఇవాళే చెప్పండి.

జవాబు 3:
2019లో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది, తాను నిషేధం ఉన్న కోవలోకి వస్తానని నిందితుడికి తెలుసని కూడా రుజువు కావాలి. ప్రొబేషన్‌తో బయటపడ్డవాళ్లకి ఇది పనికొచ్చే పాయింటే, కానీ అప్పట్లో నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితంలో గరిష్ఠ శిక్ష ఎంతో రాసుంటే నిలవడం కష్టం, ముందు ఆ పాత ఫైలు తీయించండి. మీరుండేది ఏ రాష్ట్రం? పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, డెలావేర్‌లు వచ్చే మూడో సర్క్యూట్ కోర్టు (ఫెడరల్ అప్పీళ్ల కోర్టు) 2024 డిసెంబరులో, ఫుడ్ స్టాంపుల (తిండికి ప్రభుత్వమిచ్చే సాయం) కోసం అబద్ధం చెప్పిన కేసున్న ఒకాయన విషయంలో నిషేధం చెల్లదంది. అది ఆయన వరకే, చాలా కోర్టులు ఆ దారిన పోలేదు కూడా. అయినా మీ వాడిదీ హింస లేని కేసే కాబట్టి లాయర్‌ని తప్పక అడగండి.

ప్రశ్న వేసినవారు:
న్యూజెర్సీయే అండీ. పాత కాగితాలు పెద్దమ్మ పెట్టెలో దొరికాయి, మూడో పేజీలో "అయిదేళ్ల వరకు" అని ఉంది, కింద అన్నయ్య సంతకం. గురువారం పబ్లిక్ డిఫెండర్‌ని (ప్రభుత్వం ఇచ్చే లాయర్‌ని) కలుస్తున్నాం, అవన్నీ పట్టుకెళ్తాను. ఫోన్ సంగతి పెద్దమ్మకి చెప్పేశాను.