అమెరికన్ ఫుట్‌బాలా, మామూలు ఫుట్‌బాలా? హాల్లో 30 మందికి ఏది వేస్తే కదలకుండా చూస్తారు?

బైరాగిపట్టెడ_హాలు:
తిరుపతిలో అపార్ట్‌మెంటు కింది హాల్లో ప్రొజెక్టరు పెట్టి ఒక ఆదివారం సాయంత్రం మ్యాచ్ వేద్దామని అనుకుంటున్నాం. 30 మంది దాకా వస్తారు. అందరివీ క్రికెట్‌కు అలవాటుపడిన కళ్ళు, కొందరికి కబడ్డీ బాగా తెలుసు. సగం మంది ఫుట్‌బాల్ వెయ్యమంటున్నారు. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దవాళ్ళు నలుగురు మాత్రం అక్కడి ఫుట్‌బాల్ ఏందో ఈసారైనా అర్థం కావాలంటున్నారు. ఆట తెలియని మనిషికి ఏది పట్టుబడుతుంది? ఎంతసేపు పడుతుంది, మన టైము ప్రకారం ఎన్నింటికి? మొదలయ్యే ముందు ఐదు నిమిషాల్లో ఏం చెప్తే చాలు? ఏది గొప్ప అనే కొట్లాట వద్దు స్వామీ, చూసేవాడి వైపు నుంచి చెప్పండి.

నాలుగో_డౌన్:
క్రికెట్, కబడ్డీ చూసేవాళ్ళకి అమెరికన్ ఫుట్‌బాలే దగ్గర అన్నా. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఆట కట్టుబడి అలాంటిది. కబడ్డీలో కూత 30 సెకన్లు. అది ముగిశాక లెక్క తేలుతుంది, మళ్ళీ ఇంకో కూత. క్రికెట్‌లో ఒక బంతి పడుతుంది, ఫీల్డర్లు సర్దుకుంటారు, మళ్ళీ బంతి. ఇదీ అంతే. ఒక ప్లే 4, 5 సెకన్లలో అయిపోతుంది. తర్వాతిది మొదలుపెట్టడానికి 40 సెకన్ల గడియారం ఉంటుంది. విసురుతాడా, పరిగెత్తిస్తాడా అని హాల్లో వాళ్ళు వాదించుకునేది ఆ సందులోనే.

ముందుగా చెప్పాల్సిన నియమం ఒక్కటే. బంతి ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు, వాటిని డౌన్లు అంటారు. నాలుగింటిలో 10 గజాలు ముందుకు జరిగితే కొత్తగా మళ్ళీ నాలుగు. 10 గజాలంటే మన క్రికెట్ పిచ్‌లో సగానికి ఒక గజం తక్కువ. మైదానం పొడవు 100 గజాలు, అంటే నాలుగున్నర పిచ్‌లు. రెండు చివర్లలో 10 గజాల ఎండ్ జోన్లు అదనం. మూడు డౌన్లలో పని కాకపోతే నాలుగోది కబడ్డీలో డూ ఆర్ డై రైడ్ లాంటిది. కాకపోతే కబడ్డీలో ఆ రైడర్‌కు తప్పించుకునే దారి లేదు, ఇక్కడ రెండు దారులున్నాయి. బంతిని దూరంగా తన్ని అవతలి జట్టుకు అప్పగించొచ్చు, దాన్ని పంట్ అంటారు. లేదా కంబాల మధ్య నుంచి తన్ని 3 పాయింట్లతో సరిపెట్టుకోవచ్చు. రెండూ కాదని తెగించి ఆడి తప్పితే బంతి అక్కడికక్కడే ప్రత్యర్థిది. ఆ నిర్ణయం దగ్గర మీ హాలు రెండుగా చీలకపోతే చూడండి.

స్కోరు: బంతిని అవతలి ఎండ్ జోన్‌లోకి చేర్చితే టచ్‌డౌన్, దానికి 6. తర్వాత తన్ని ఒకటి తెచ్చుకోవచ్చు, లేదంటే 2 గజాల దూరం నుంచి ఇంకోసారి చొచ్చుకుపోయి రెండు తెచ్చుకోవచ్చు. కంబాల మధ్య నుంచి తన్నే ఫీల్డ్ గోల్‌కి 3. సొంత ఎండ్ జోన్‌లోనే బంతితో దొరికిపోతే అవతలివాళ్ళకు 2. అంకెలు చూసి బెదరొద్దు, 28-21 అంటే అసలు లెక్కలో 4-3.

తెర మీద కనిపించే పసుపు గీత మైదానంలో ఉండదు. 1998 నుంచి టీవీ వాళ్ళు కంప్యూటర్‌తో గీస్తున్నారు. బంతి ఆ గీత దాకా వస్తే కొత్త నాలుగు డౌన్లు వచ్చినట్టే. కింద మూడు, ఏడు అని అంకెలు పక్కపక్కన పడితే మూడో డౌన్, ఇంకా 7 గజాలు కావాలి అని.

కొత్తవాళ్ళు చేసే తప్పు బంతి వెంట కళ్ళు పరిగెత్తించడం. బంతిని దాచడమే ఈ ఆటలో సగం విద్య. బంతి కదిలిన క్షణంలో, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందున్న ఐదుగురు బరువాళ్ళను చూడమనండి. వాళ్ళు వెనక్కి అడుగేసి గోడ కడితే విసురుడు, ముందుకు తోస్తే పరుగు. మోసగించే ప్లేలు ఉంటాయి, అయినా పదింటిలో ఎక్కువసార్లు ఇదే నిలుస్తుంది. రెండో క్వార్టర్‌కల్లా (మ్యాచ్ నాలుగు క్వార్టర్లు) హాల్లో వాళ్ళే ముందు చెప్పేస్తారు.

ఎడమ_వింగ్:
ఒక్క నియమంతో అయిపోయేటట్టయితే ఎంత బాగుండు అన్నా! తప్పు జరిగిందని రిఫరీ విసిరే మొదటి పసుపు జెండా గాల్లోకి ఎగరగానే ఏమైంది, ఏమైంది అని 30 మందీ మీ వైపు తిరుగుతారు. ఫాల్స్ స్టార్ట్ (ముందే కదలడం) అయితే 5 గజాలు వెనక్కి, బంతి ఉన్న జట్టు హోల్డింగ్ (పట్టుకుని ఆపడం) చేస్తే 10 గజాలు వెనక్కి, పాస్ పట్టేవాడిని అడ్డుకుంటే తప్పు జరిగిన చోటికే బంతి. ఎందుకో తెలిసినవాడు ఒకడు మైకు పట్టుకుని కూర్చోవాలి. ఫుట్‌బాల్‌కి ఆ మనిషి అక్కర్లేదు. చేత్తో ముట్టుకోకూడదు, అవతలి గోల్లోకి కొట్టాలి. చిన్నపిల్లకీ తెలుసు.

కష్టం వేరేచోట ఉంది. క్రికెట్‌లో ఐదు నిమిషాలకోసారి ఏదో ఒకటి లెక్కకు వస్తుంది. ఇక్కడ 2022 ప్రపంచకప్ మొత్తం 64 మ్యాచుల్లో 172 గోల్స్, మ్యాచ్‌కి మూడు కూడా పడలేదు. ఏమీ జరగట్లేదే అని 25వ నిమిషానికి ఫోన్లు బయటికొస్తాయి. అందుకని ముందే మూడు సంగతులు చెప్పండి.

బంతి ఎడమ అంచున ఉంటే కుడి అంచున ఒంటరిగా ఎవరున్నారో చూడమనండి. అంతసేపు అటూ ఇటూ పాసులిచ్చేది డిఫెండర్లను ఒక పక్కకి లాగి, రెండో పక్క ఖాళీ చెయ్యడానికి. ఆ ఖాళీలోకి పొడుగు పాస్ వెళ్ళినప్పుడు స్టేడియం ఎందుకు లేచి నిలబడిందో గోలు పడకముందే అర్థమవుతుంది. రెండోది, బంతి పోగొట్టుకున్న తర్వాతి ఐదారు సెకన్లు. వెంటనే మీద పడి లాక్కునే జట్టా, వెనక్కి పరిగెత్తి గోడ కట్టుకునే జట్టా అన్నది అక్కడే తెలిసిపోతుంది. చాలా గోల్స్‌కు విత్తనం పడేది కూడా అక్కడే.

మూడోది ఆఫ్‌సైడ్. దీన్ని తప్పుగా చెప్పేవాళ్ళే ఎక్కువ. బంతి అందుకున్నప్పుడు కాదు, సాటి ఆటగాడు తన్నిన క్షణంలో ఎక్కడున్నాడన్నదే లెక్క. ప్రత్యర్థి సగంలో ఉండి, బంతి కన్నా, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాడి కన్నా గోలుకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. ఆ చివరి ఇద్దరిలో ఒకడు సాధారణంగా గోల్‌కీపర్. చేతులు లెక్కలోకి రావు. త్రో, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదు. అక్కడ నిలబడటమే తప్పు కాదు, ఆటలో వేలు పెడితేనే తప్పు.

చూసేవాళ్ళకు విసుగు పుట్టడం ఫుట్‌బాల్ పెద్దలకు తెలియనిదేమీ కాదు. 1990 ప్రపంచకప్‌లో 52 మ్యాచులకు 115 గోల్సే. డిఫెండర్ వెనక్కి తన్నడం, కీపర్ చేత్తో పట్టుకుని కాలం గడపడం, ఇదే తంతు. 1992లో ఆ వెనక్కి పాస్‌ని చేత్తో పట్టకూడదన్నారు. 1994 ప్రపంచకప్ నుంచి గెలుపుకి 2 బదులు 3 పాయింట్లు. ఈ రెండూ ప్రేక్షకుడి కోసం వేసిన మందులే.

బాలాజీ_కాలనీ:
ఎవరూ ఇంకా ప్రకటనల గురించి మాట్లాడలేదు. అమెరికా ఆటలో గడియారం 60 నిమిషాలు, మ్యాచ్ మూడు గంటల పైనే, బంతి నిజంగా కదిలేది 11 నిమిషాల చుట్టుపక్కల అని లెక్కగట్టినవాళ్ళున్నారు. ఫుట్‌బాల్‌లో 90కి 55, 60 నిమిషాలు కదులుతుంది. ఇంక పోలికేంది?

కంపార్ట్‌మెంట్_7:
పోలిక ఉండాది స్వామీ. తిరపతోళ్ళకి ఇంత తేలిగ్గా అర్థమయ్యేది ఇంకోటి లేదు. అమెరికా ఆట వైకుంఠం క్యూ కాంప్లెక్స్. కూర్చుంటావు, తలుపు తీస్తారు, అందరూ ఒక్క ఊపున లేచి కదుల్తారు, మళ్ళీ కూర్చుంటావు. ఫుట్‌బాల్ అలిపిరి మెట్లు. 3,550 మెట్లూ నడుస్తానే ఉండాల, ఆగితే నీ ఇష్టం, దారి మాత్రం ఆగదు. కంపార్ట్‌మెంట్లో కూర్చున్నోడు ఊరికే ఉంటాడా? ఎప్పుడు తీస్తారు, ఏ తలుపు తీస్తారు అని అదే ధ్యాస. ఆ 11 నిమిషాల లెక్క చెప్పేవాళ్ళు ఇది వదిలేస్తారు.

ఇంకో సంగతి. టీవీలో చూసేదానికీ మైదానంలో చూసేదానికీ రెండు ఆటలూ తిరగబడతాయి. అమెరికా ఆట టీవీ కోసమే కోసి కుట్టినట్టుంటాది. ప్లే అయిన వెంటనే నాలుగు కోణాల్లో రీప్లే, గీతలు, అంకెలు. అయితే టీవీ కెమెరా బంతి దగ్గరే ఉండిపోతాది కాబట్టి లోతుగా పరిగెత్తి బంతి పట్టే రిసీవర్లు, వెనకాల కాపలా కాసే సేఫ్టీలు ఫ్రేమ్‌లో ఉండరు. విసిరినాక గానీ తెలీదు అక్కడెవరున్నారో. స్టేడియంలో పై మెట్ల మీద కూర్చుంటే 22 మందీ కనిపిస్తారు, కానీ టీవీ ప్రకటన వచ్చినప్పుడల్లా మైదానంలో ఆటగాళ్ళు నడుముల మీద చేతులు పెట్టుకుని నిలబడతారు.

ఫుట్‌బాల్‌కి టీవీ కెమెరా కొంచెం నయం, ఎత్తు నుంచి మైదానంలో మూడో వంతు, సగం చూపిస్తాది. అయినా తారకరామ స్టేడియంలో కాలేజీ మ్యాచ్ పై వరసలో కూర్చుని చూసినా, బంతి లేనోళ్ళు ఎట్ట కదుల్తారో టీవీ కన్నా బాగా తెలుస్తాది. ప్రొజెక్టర్ తెర పెద్దదిగా కట్టుకునేదానికి ఇదే కారణం. 6 అంగుళాల ఫోన్లో ఫుట్‌బాల్ చూసి బోరన్నోడు ఆట చూళ్ళేదు, బంతిని చూసినాడు.

వెనకబడ్డ జట్టు లేచే తీరు కూడా వేరే. 2005లో ఇస్తాంబుల్‌లో ఫుట్‌బాల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ సగం ఆటకి 0-3, తర్వాత ఆరు నిమిషాల్లో మూడు కొట్టి పెనాల్టీల్లో గెలిచింది. ఉరుము మాదిరి. 2017 సూపర్ బౌల్లో, అంటే అమెరికా ఆట ఫైనల్లో, న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 3-28 వెనకబడి 34-28తో ఓవర్‌టైములో గెలిచింది. అక్కడ ఒక్కో డౌనూ లెక్కేసుకుంటా, ఇంక ఇన్ని నిమిషాలు, ఇన్ని టైమౌట్లు అని మెట్టుమెట్టుగా ఎక్కినారు. ఏది ఎక్కువ గుండెదడ అంటే నేను చెప్పలేను.

తోతాపురి:
టైముల సంగతి నేను రాస్తా, ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

అమెరికాలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌లు మనకు సెప్టెంబరు, అక్టోబరుల్లో రాత్రి 10:30కి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మార్చాక 11:30కి. అయ్యేసరికి తెల్లవారుజాము రెండు, మూడు. మీ హాల్లో కుర్చీలే మిగులుతాయి. సూపర్ బౌల్ మనకు సోమవారం ఉదయం 5 గంటలకి, సుప్రభాతం విని లేచినవాళ్ళకే. దాదాపు 9 దాకా సాగుతుంది, ఆఫీసులున్నవాళ్ళు మూడో క్వార్టర్లో వెళ్ళిపోతారు.

దారి ఒకటుంది. అమెరికా ఆట పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఏటా కొన్ని మ్యాచ్‌లు ఐరోపాలో ఆడిస్తుంది. అక్టోబరులో లండన్ మ్యాచ్ మధ్యాహ్నం 2:30కి పెడితే మనకు సాయంత్రం 7 గంటలు. నవంబరులో జర్మనీలో 3:30కి అయితే మనకు 8. పదీ పదకొండున్నర మధ్య అయిపోతుంది. మీరడిగిన ఆదివారం సాయంత్రానికి ఇంతకన్నా కుదిరేది లేదు.

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆదివారం మ్యాచ్‌లు అక్కడ 2 గంటలకి, 4:30కి ఉంటాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మనకు 6:30, 9:00. మిగతా నెలల్లో 7:30, 10:00. ఫుట్‌బాల్‌లో ఉన్న సుఖం ఏందంటే, లీగ్ మ్యాచ్ 15 నిమిషాల విరామంతో కలిపి రెండు గంటల లోపే లేదా అటూఇటూ అయిపోతుంది. సాంబారన్నం ఎన్నింటికి తెమ్మనాలో కేటరింగ్ అబ్బాయికి కచ్చితంగా చెప్పొచ్చు. అమెరికా ఆటలో ఇంకా 2 నిమిషాలే అని చూపించాక కూడా పావుగంట పట్టొచ్చు. పాస్ నేలపాలైనా, టైమౌట్ అడిగినా గడియారం ఆగుతుంది. ఒక్కో జట్టుకు సగానికి మూడు టైమౌట్లు. ఆధిక్యంలో ఉన్న జట్టు మోకాలు నేలకి ఆనిస్తూ కనిపించి, అవతలివాళ్ళకు టైమౌట్లు లేకపోతే అప్పుడు అయిపోయినట్టు.

హాల్లో పాడయ్యేవి: లైవ్ స్ట్రీమ్ అసలు ఆట కన్నా అర నిమిషం దాకా వెనక ఉంటుంది. స్కోర్ యాప్ ఉన్నవాడి జేబులో గోలు ముందే మోగుతుంది. ఫుట్‌బాల్‌కి ఇది ప్రాణాంతకం, ఎందుకంటే మోగేది ఒకటో రెండో సార్లే. నోటిఫికేషన్లు ఆపించండి. వైఫై నమ్మకుండా రూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కేబుల్ లాగండి. ప్రొజెక్టర్లో మోషన్ స్మూతింగ్ ఉంటే ఆపేయండి, వేగంగా వెళ్ళే బంతి చుట్టూ మసక తోక వస్తుంది. సొంత వాడకానికి కొన్న సబ్‌స్క్రిప్షన్‌తో టికెట్టు పెట్టి చూపించకూడదు, ఆ షరతు చదువుకోండి.

బైరాగిపట్టెడ_హాలు:
ఐరోపా మ్యాచ్ సంగతి తెలియదు, చాలా మేలు చేశావు తమ్ముడూ. ఇంకో ఆలోచన: అమెరికా ఆటని 40 నిమిషాలకు కుదించిన రికార్డింగ్ దొరుకుతుందట. ముందు అది వేసి, తర్వాత 9 గంటల ఫుట్‌బాల్ మ్యాచ్ లైవ్ వేస్తే రెండూ చూసినట్టుంటుంది కదా?

నాలుగో_డౌన్:
కొత్తవాళ్ళకు కుదించింది నేరుగా వెయ్యొద్దు అన్నా. అందులో కోసేసేది ఆ 40 సెకన్ల సందునే. ప్లే వెనక ప్లే వచ్చి మీద పడుతుంది. ఏది మూడో డౌన్, ఎన్ని గజాలు అని చదివేలోపే తర్వాతిది అయిపోతుంది. మ్యాచంతా చూసి గుర్తు తెచ్చుకోవడానికి బాగుంటుంది గానీ నేర్చుకోవడానికి కాదు. వెయ్యాలంటే రిమోట్ చేతిలో పెట్టుకోండి. మొదటి పది నిమిషాలు ప్రతి మూడో డౌన్, నాలుగో డౌన్ ముందు ఆపి, ఏం చేస్తాడు అని హాల్‌ని అడగండి. చేతులెత్తించి లెక్కపెట్టి, అప్పుడు వదలండి. ఆ 40 నిమిషాలది గంట అవుతుంది, అందుకని 7:30కే మొదలుపెట్టండి.

ఎడమ_వింగ్:
ఆ తర్వాత ఫుట్‌బాల్ మొదలయ్యాక ఆపడానికి వీల్లేదని కూడా చెప్పండి. గంటసేపు రిమోట్‌కి అలవాటుపడి ఉంటారు. మొదటి పావుగంట మౌనంగా పోనివ్వండి. తర్వాత బంతి ఒక అంచుకు చేరినప్పుడల్లా లేజర్ పాయింటర్‌తో రెండో అంచున ఖాళీగా ఉన్నవాడిని చూపించండి, నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. పాయింటర్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు.