పాత ఫోన్ నంబర్లు కొత్త ఫోన్‌లోకి: బెంగళూరులో ఎవరెలా మార్చుకున్నారు?

మారతహళ్లి మాధవి

అందరికీ నమస్తే. మా అమ్మ కదిరి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఆమె పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచింది. కొత్తది కొన్నాం కానీ నంబర్లు మార్చే దగ్గర ఆగిపోయాం. బంధువులు, కదిరిలో చూపించుకునే డాక్టరు, మా పొలం కౌలుకు చేసేవాళ్లు, అందరి నంబర్లూ అందులోనే ఉన్నాయి. అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి పేర్లన్నీ తెలుగులోనే పెట్టుకుంది.

ఇక్కడ ఒక షాపులో అన్నీ సిమ్‌లోకి కాపీ చేసి ఇచ్చారు. సిమ్ కొత్త ఫోన్‌లో వేసి చూస్తే ‘రామలక్ష్మి పెద్దమ్మ ధర్మవరం’ కాస్తా ‘రామలక్ష్మి పె’ అయి కూర్చుంది. మా బంధువుల్లో రామలక్ష్ములు ముగ్గురున్నారు! రెండు నంబర్లున్న వాళ్లకి చాలామందికి ఒకటే వచ్చింది. ఆ ఫోన్‌లో జీమెయిల్ ఉందో లేదో అమ్మకి తెలియదు, కొన్నప్పుడు ఎవరో పెట్టిచ్చారట. ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే దయచేసి చెప్పండి.

గాంధీనగర్ రిపేర్

మాధవి గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ని చార్జింగ్ పెట్టకండి, మూత నొక్కి మూయకండి. ఉన్న చార్జితో పని అయితే సరే, లేదంటే బ్యాటరీ మార్పించాకే మిగతాది చూడండి.

నేను నేషనల్ మార్కెట్ పక్కన ఫోన్లు రిపేరు చేస్తాను. సిమ్‌లోకి కాపీ చేయడం పాత అలవాటు, చాలా షాపుల్లో ఇప్పటికీ అదే చేస్తున్నారు. కీప్యాడ్ ఫోన్ల కాలానికి సరిపోయింది. చాలా సిమ్‌లలో 250 నంబర్ల దాకానే పడతాయి, పేరుకి ఇచ్చే చోటు కూడా చాలా తక్కువ. తెలుగు పేరు ఇంకా ముందే తెగుతుంది. మన ‘క్ష్మి’ చూడ్డానికి ఒక అక్షరమే, ఫోన్ లెక్కలో మాత్రం క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఆరు. ఫోటో, ఈమెయిల్ లాంటివి అందులోకి ఎక్కవు.

కాపీ చేసినంత మాత్రాన పాత ఫోన్‌లోవి చెరిగిపోవు. అమ్మగారు రాసుకున్న పూర్తి పేర్లు అక్కడ అలాగే ఉంటాయి, కంగారు పడకండి. సిమ్ సంగతి వదిలేసి అక్కణ్నుంచే తీసుకోండి.

హిందూపురం కుర్రాడు

అక్కా, పాత ఫోన్‌లో ఏదో ఒక పేరు తెరిచి ఎడిట్ నొక్కి చూడు. అది గూగుల్ అకౌంట్‌లో ఉందా, ఫోన్‌లో ఉందా, సిమ్‌లో ఉందా అని చాలా ఫోన్లలో పైనే కనిపిస్తుంది. ఎక్కడుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. ఒకే ఫోన్‌లో మూడు చోట్లా కలిసి ఉండటం మామూలే, కాబట్టి నాలుగైదు పేర్లు తెరిచి చూడు.

అన్నీ గూగుల్‌లో ఉంటే నువ్వు చేసేది ఏమీ లేదు. కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే అవే వస్తాయి. ఫోన్‌లో మాత్రమే ఉంటే రెండు దారులు. ఒకటి, గూగుల్ కాంటాక్ట్స్ యాప్ సెట్టింగ్స్‌లో ఫోన్‌లోని కాంటాక్ట్స్‌ని కూడా సింక్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేయడం. రెండు, ఎక్స్‌పోర్ట్ కొట్టి వీసీఎఫ్ ఫైల్ తీసుకోవడం, అంటే పేర్లూ నంబర్లూ అన్నీ ఒకే ఫైల్‌లోకి వస్తాయి. నేనైతే రెండూ చేయమంటాను. ఆ ఫైల్‌ని మీ వాట్సాప్‌కీ మీ మెయిల్‌కీ పంపి పెట్టుకో. ఫోన్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియనప్పుడు ఒక్క కాపీని నమ్ముకుని ఉండటం మంచిది కాదు.

వైట్‌ఫీల్డ్ లలిత

వీసీఎఫ్ గురించి నాకు తెలిసింది చెప్తాను, తెలుగు పేర్లున్న వాళ్లు ఇక్కడే భయపడతారు. ఆ ఫైల్‌ని కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే ‘రామ’ అనే పేరు కనిపించదు. దాని బదులు సమానం గుర్తు, ఈ0, మళ్లీ సమానం, బీ0, మళ్లీ సమానం, ఇలా వరుసగా పోతుంది. మొత్తం పాడైపోయిందనుకుని ఫైల్ తీసేసిన వాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు. ఏమీ పాడవలేదు. వీసీఎఫ్ ఫైల్ రాసే పద్ధతిని వీకార్డ్ అంటారు, అందులో 2.1 అనే పాత రకం 1996 నాటిది. ఇంగ్లీషు కాని అక్షరాలను అందులో అలా కోడ్ చేసి రాస్తారు. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు, బైటుకి మూడు గుర్తులు, అంటే ‘రామ’కే 27 గుర్తులు. గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఇంపోర్ట్ చేస్తే మళ్లీ చక్కగా తెలుగు వస్తుంది.

చేయకూడనిది ఒకటుంది. ఎక్స్‌పోర్ట్‌లో సీఎస్‌వీ అని పట్టికలా ఉండే ఇంకో రకం ఫైల్ కూడా ఉంటుంది, దాన్ని తీసుకుని ఎక్సెల్‌లో తెరిచి సర్ది సేవ్ చేయొద్దు. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబరుని ఎక్సెల్ పెద్ద సంఖ్య అనుకుని 9.19ఈ+11 అని చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, ఇక వాటిని తిరిగి తెచ్చే దారి లేదు. తెలుగు పేర్లు కూడా పిచ్చి గుర్తులుగా మారొచ్చు. పేర్లు సర్దుకోవాలంటే కాంటాక్ట్స్.గూగుల్.కామ్‌లో లాగిన్ అయి అక్కడే సర్దుకోండి. పెద్ద స్క్రీన్ మీద పని తొందరగా అవుతుంది.

కేఆర్‌పురం నుంచి

నాది ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి మారిన అనుభవం. మూవ్ టు ఐఓఎస్ యాప్ ఉంది, కొత్త ఐఫోన్‌ని మొదటిసారి సెటప్ చేసేటప్పుడే వాడితే సుఖం. నంబర్లు మాత్రమే కావాలంటే అంత కూడా అక్కర్లేదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో మీ గూగుల్ అకౌంట్ కలిపి కాంటాక్ట్స్ ఆన్ చేయండి, అవే వచ్చేస్తాయి. ఒక జాగ్రత్త ఏంటంటే, ఆ తర్వాత మీరు కొత్తగా సేవ్ చేసేవి ఆపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లోకి పోతున్నాయా గూగుల్‌లోకి పోతున్నాయా అని డిఫాల్ట్ అకౌంట్ చూసుకోండి. చూసుకోకపోతే సగం అక్కడా సగం ఇక్కడా అవుతాయి, మళ్లీ ఆండ్రాయిడ్‌కి వచ్చిన రోజు ఆ సగం కనిపించవు. ఐఫోన్‌లోంచి సిమ్‌లోకి సేవ్ చేయడం కుదరదు, సిమ్‌లోంచి తెచ్చుకోవడం మాత్రం కుదురుతుంది.

చిత్తూరు–మడివాళ

మా నాన్న ఊళ్లో కీప్యాడ్ ఫోనే వాడతారు, స్మార్ట్‌ఫోన్ వద్దంటారు. ఆయన విషయంలో సిమ్‌ని తిట్టలేను. పాత కీప్యాడ్ నుంచి కొత్త కీప్యాడ్‌కి మారేటప్పుడు సిమ్‌లోకి కాపీ చేయడమే తేలికైన దారి. ముందే పేర్లన్నీ పొట్టిగా మార్చి, ఒక మనిషికి రెండు నంబర్లుంటే విడివిడిగా ‘బావ 1’, ‘బావ 2’ అని పెట్టాం. బ్లూటూత్ ఉన్న మోడల్ అయితే నా ఫోన్‌కి ఒక్కొక్కటీ పంపించి, నా గూగుల్ అకౌంట్‌లో ‘నాన్న’ అని ఒక లేబుల్ కింద పెట్టుకుంటాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడల్లా ఇది చేయడం నాకు అలవాటు. ఆయన ఫోన్ పోయినా నంబర్లు నా దగ్గర ఉంటాయి.

మారతహళ్లి మాధవి

అందరికీ చాలా థ్యాంక్స్. తమ్ముడు చెప్పినట్టు చూశాను. ఎక్కువ ‘ఫోన్’ అని ఉన్నాయి, కొన్ని గూగుల్ అని ఉన్నాయి. అంటే జీమెయిల్ ఉంది! పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. వీసీఎఫ్ తీసి నాకు పంపుకున్నాను. అమ్మకి కొత్త అకౌంట్ తెరిచి అందులోకి ఇంపోర్ట్ చేశాను, తెలుగు పేర్లు పూర్తిగా వచ్చాయి. పెద్దమ్మ ధర్మవరంతో సహా వచ్చింది, అమ్మ మొహం వెలిగిపోయింది. కానీ ఇప్పుడు ఒక్కొక్కరు రెండేసి, మూడేసి సార్లు కనిపిస్తున్నారు. అందులో తెగిన పేర్లు కూడా ఉన్నాయి.

హిందూపురం కుర్రాడు

అవి సిమ్‌లోవి అక్కా. ముందు సిమ్ కాంటాక్ట్స్ చూపించకుండా ఫిల్టర్ మార్చు, తెగిన పేర్లు కళ్ల ముందు నుంచి పోతాయి. తర్వాత గూగుల్ కాంటాక్ట్స్‌లో మెర్జ్ అండ్ ఫిక్స్ ఉంటుంది, మిగిలిన డూప్లికేట్లు అది కలుపుతుంది. అన్నీ ఒకేసారి ఒప్పుకోకుండా ఒక్కొక్కటి చూసి నొక్కు, మీ ముగ్గురు రామలక్ష్ములు ఒకరైపోతే కష్టం. పొరపాటున ఏదైనా చెరిగిపోతే 30 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటుంది. మొత్తం లిస్టునే వెనక్కి తేవాలన్నా గూగుల్‌లో 30 రోజుల లోపు స్థితికి వెళ్లే ఆప్షన్ ఉంది.

పాత అకౌంట్‌ని కూడా వదిలేయొద్దు. రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్లను గూగుల్ తీసేయొచ్చు. ఆ ఫోన్ ఇంకా లాగిన్‌లో ఉండగానే రికవరీ నంబరు చూసుకుని పాస్‌వర్డ్ మార్చుకోండి.

బొమ్మనహళ్లి బస్సు

ఫోన్ చేతిలో ఉంటే ఇవన్నీ చేయొచ్చు. నాది సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఎక్కే రద్దీలో పోయింది. అలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను. డూప్లికేట్ సిమ్ తీసుకుంటే నంబరు మనదే వస్తుంది, సిమ్ మాత్రం ఖాళీగా ఉంటుంది. పాత సిమ్‌లో సేవ్ చేసినవి అందులోకి రావు. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆపి ఉంచుతారు, మోసాలు జరగకుండా పెట్టిన నియమం అది. ఓటీపీ రావట్లేదని అప్పుడు హైరానా పడకండి. పోలీసు ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరు, బ్లాక్ చేయించొచ్చు. ఈ పోర్టల్ 2023 మేలో వచ్చింది.

నంబర్లు గూగుల్‌లో ఉన్నా లాగిన్ అవ్వాలంటే పోయిన ఫోన్‌కే కోడ్ వెళ్తుంటుంది, అదీ చిక్కు. ఫోన్ లేకున్నా లాగిన్ అవడానికి గూగుల్ ముందే బ్యాకప్ కోడ్లు పది ఇస్తుంది, ఎనిమిదేసి అంకెలు. ఇంట్లో కాగితం మీద రాసి పెట్టుకోండి. మా ఆవిడ బీరువాలో పెట్టబట్టే నేను ఆ రాత్రే లాగిన్ అయ్యాను.

కోరమంగళ వీణ

ఒక చిన్న డౌట్. వాట్సాప్ చాట్ బ్యాకప్ ఉంది కదా, నంబర్లు కూడా అందులో ఉంటాయనుకోవచ్చా?

వైట్‌ఫీల్డ్ లలిత

ఉండవండీ. చాట్‌లు వస్తాయి, మీరు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేర్లు ఫోన్ కాంటాక్ట్స్ నుంచి రావాలి. అవి లేకపోతే చాట్ పైన ఉత్త నంబరే కనిపిస్తుంది. గ్రూపుల్లో అయితే అవతలివాళ్లు పెట్టుకున్న పేరు కనిపించొచ్చు. కొందరిని అలా గుర్తుపట్టొచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఇంకొకటి, కాంటాక్ట్స్ బ్యాకప్ అని వెతికితే ప్లే స్టోర్‌లో బోలెడు యాప్‌లు వస్తాయి. వాటికి అనుమతి ఇస్తే మన నంబర్లే కాదు, మనల్ని నమ్మి నంబరిచ్చిన వాళ్లవి కూడా అప్పజెప్పినట్టే. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్ లాక్కుని చుట్టాలకి ఫోన్లు చేసి బెదిరించిన సంగతులు మనందరికీ తెలుసు. లోన్ యాప్‌లు కాంటాక్ట్స్ తీసుకోవద్దని రిజర్వ్ బ్యాంక్ 2022లో చెప్పింది, 2023 మే చివరి నుంచి గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని లోన్ యాప్‌లకి కాంటాక్ట్స్ అనుమతి నిషేధించింది. ఫోన్‌తో వచ్చిన ఎక్స్‌పోర్ట్ ఉండగా వేరే యాప్ ఎందుకు?

మారతహళ్లి మాధవి

డూప్లికేట్లు పోయాయి, ఇప్పుడు లిస్టు శుభ్రంగా ఉంది. పాత ఫోన్‌ని ఎక్స్చేంజ్‌కి ఇవ్వమంటున్నారు. అలాగే ఇచ్చేయొచ్చా?

గాంధీనగర్ రిపేర్

అలాగే ఇవ్వకండి. ముందు కొత్త ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, తెలిసిన కొన్ని పేర్లు తెరిచి రెండో నంబరు కూడా ఉందో లేదో చూడండి. ఆ తర్వాత పాత దాంట్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ అకౌంట్‌ని తీసేయండి. దాన్ని తీయకుండా పవర్, వాల్యూమ్ బటన్లతో రీసెట్ కొడితే, తర్వాత తెరిచేటప్పుడు పాత అకౌంట్ పాస్‌వర్డ్ అడుగుతుంది, మా దగ్గరికి రోజూ వచ్చే కేసులే ఇవి. సిమ్, మెమరీ కార్డు తీసేసి ఆఖరున సెట్టింగ్స్ నుంచే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇచ్చేటప్పుడు బ్యాటరీ ఉబ్బిందని తప్పకుండా చెప్పండి, తీసుకునేవాళ్లు దాన్ని విడిగా పెట్టాలి. ఎక్స్చేంజ్‌కి ఒప్పుకోకపోతే ఈ-వేస్ట్ సేకరించే చోట ఇవ్వండి, ఇంటి చెత్తలో వేయొద్దు.