పై చెరువు నిండేది ఉపగ్రహం ఫొటోల్లో ముందే తెలుస్తుందా?

చంద్రగిరి_చేను:
మాది చంద్రగిరి పక్కన పల్లె. మా చెరువుకు పైన ఇంకో రెండున్నాయి, గొలుసుకట్టు. పైది నిండి మొరవ (అలుగు) పోతేనే మాకు నీళ్లు. ఆ సంగతి కాస్త ముందు తెలిస్తే కాలవలో కంప తీయించుకోవచ్చు. కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్‌లో సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలు చూస్తున్నాను. ఎండాకాలంలో భలే ఉంటాయి. నవంబర్‌లో తెరిస్తే అంతా మబ్బే! ఇంకేదైనా దారి ఉందా?

మ్యాపుల_మామ:
సెంటినెల్-2కు ఎండ వెలుతురు కావాలి తమ్ముడూ. మనకు చెరువులు నిండే వానలు ఎక్కువగా పడేది ఈశాన్య రుతుపవనాలకు, ఆ మూడు నెలలూ దాన్ని నమ్ముకోవద్దు. సెంటినెల్-1 తెరువు. అది రాడార్, మబ్బైనా రాత్రైనా పని చేస్తుంది. నిలకడగా ఉన్న నీళ్లు రాడార్ తరంగాన్ని అవతలికి తోసేస్తాయి, అందుకే చెరువు నల్లగా పడుతుంది. గాలి ఎక్కువైతే అలలకు నీళ్లు కూడా తెల్లబడతాయి, అందులో వీవీ, వీహెచ్ అని రెండు రకాల ఫొటోలుంటాయి, అప్పుడు వీవీ కన్నా వీహెచ్ నయం.

అసలు పని వేరే ఉంది. నల్లగా ఎంత పరుచుకుందో చూసి నీళ్లెన్నో చెప్పలేం. మన చెరువులు పళ్లెం మాదిరి; అంచుల్లో జానెడు నీళ్లకే ఎకరాలు మునుగుతాయి. తూము దగ్గర రాయికి అడుగుల గుర్తులు పెట్టించు. ఉపగ్రహం వచ్చిన రోజు నీటిమట్టం రాసుకుని, పక్కనే ఫొటోలోని విస్తీర్ణం రాయి. ఒక సీజన్ ఇట్లా రాస్తే, ఫొటో చూడగానే మొరవకు ఎన్ని అడుగులు తక్కువుందో చెప్పేస్తావు. దానికి వాన సూచన కలిపితే అంచనా వస్తుంది.

తుమ్మకంప:
మా చెరువులో సగం సర్కారు తుమ్మే మామా. చెట్ల కింద నీళ్లుంటే?

మ్యాపుల_మామ:
అక్కడ లెక్క తిరగబడుతుంది. తరంగం నీళ్లకు, మానుకు తగిలి వెనక్కొస్తే ఆ చోటు నల్లగా కాదు, తెల్లగా మెరుస్తుంది. సెంటినెల్-1 తరంగం పొట్టిది, గుబురు ఆకుల్లోనే ఆగిపోతుంది. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన రాడార్ ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్ అనే పొడుగు తరంగం ఉంది, అది ఇంకా లోపలికి దిగుతుంది.

చంద్రగిరి_చేను:
అయితే కట్ట తెగే ప్రమాదం కూడా ముందే తెలుస్తుందా? 2021 నవంబర్‌లో రాయలచెరువు కట్టకు లీకేజీ అని ఊళ్లు ఖాళీ చేయించారే, ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

మ్యాపుల_మామ:
దానికి ఇది పనికిరాదు. ఒక సెంటినెల్-1 ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది, కట్టకు గండి పడటానికి ఒక రాత్రి చాలు. కట్టలోంచి ఊరే నీళ్లు ఈ ఫొటోల్లో కనపడవు కూడా. పై ఊరి నీరుగంటి (చెరువు నీళ్లు చూసుకునే మనిషి) ఫోన్ నెంబరు ఉందా నీ దగ్గర?